పాలారు ఒడ్డున అభివృద్ధి: నిర్ణయం ఎవరిది, లెక్క ఎవరిది, నష్టం ఎవరిది?

(కావేరిపాక్కంలో వేలూరు, గుడియాత్తం ప్రాంతాల తెలుగు సంఘాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది స్థానిక ఆర్థికాభివృద్ధి గురించి. ప్రభుత్వ కాగితాల్లో, బ్యాంకు అధికారుల మాటల్లో, స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టుల్లో ఈ మాట తరచుగా వినబడుతోంది. ఒక ప్రాంతంలో ఉన్న నేల, నీరు, పనితనం, పెట్టుబడి ఆ ప్రాంతపు ప్రజలకే బతుకుదెరువు చూపాలన్నది దాని సారాంశం. వినడానికి బాగుంది. అయితే నేల మన ఊరిది, నీరు మన ఊరిది, పనిచేసే చేతులు మనవి అయినంత మాత్రాన అది స్థానికం అయిపోతుందా? నిర్ణయం ఎవరు చేశారు? లెక్క ఎవరి దగ్గర ఉంది? నష్టం వస్తే ఎవరు మోశారు? ఈ మూడు ప్రశ్నలు పట్టుకుని మన ప్రాంతపు చరిత్రను ఒకసారి చూద్దాం. మన పక్కనే పనపాక్కంలో పెద్ద ఫ్యాక్టరీలు వస్తున్నాయి. ఇప్పుడు అడగకపోతే మళ్లీ అడిగే సమయం ఉండదు.

ముందు మన కావేరిపాక్కం చెరువు దగ్గర మొదలుపెడదాం. పల్లవ రాజు మూడో నందివర్మ కాలంలో, 9వ శతాబ్దంలో కట్టిన చెరువు ఇది. తమిళనాడులోని అతి పెద్ద చెరువుల్లో ఒకటి. పాలారు ఆనకట్ట నుండి కాలువ ద్వారా దీనికి నీళ్లు వస్తాయి. వెయ్యేళ్లకు పైగా ఈ చుట్టుపక్కల ఊళ్లకు అన్నం పెట్టిన చెరువు. స్థానిక అభివృద్ధి అంటే మొదట చూపించవలసింది దీన్నే. ఆ కాలంలో చెరువుల పాలన గ్రామసభల చేతిలో ఉండేదని శాసనాలు చెబుతున్నాయి. కాంచీపురం దగ్గరి ఉత్తిరమేరూరులో 919, 921 సంవత్సరాల శాసనాల్లో చెరువును చూసుకునే కమిటీ గురించి, దాని సభ్యులను ఎన్నుకునే పద్ధతి గురించి వివరంగా ఉంది. దాన్ని మన ప్రజాస్వామ్యానికి పునాది అని గొప్పగా చెప్పుకుంటారు. కానీ ఆ కమిటీలో కూర్చోవడానికి పన్ను కట్టే సొంత భూమి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లు ఉండాలి, వేదం తెలిసి ఉండాలి. అంటే మట్టి మోసినవాళ్లకు అందులో చోటు లేదు. మన తెలుగే మాట్లాడే ఒడ్డెర కుటుంబాలు తరతరాలుగా ఈ ప్రాంతాల్లో చెరువు కట్టలు వేశారు, బావులు తవ్వారు, బండలు కొట్టారు. నీళ్ల పంపకం గురించి మాట్లాడే చోట వాళ్లు లేరు.

ఇంగ్లీషువాళ్ల కాలంలో నిర్ణయం ఇంకా దూరం పోయింది. ఉత్తర ఆర్కాటు జిల్లాలో కరువులు వచ్చినప్పుడు చేరిలోని జనానికి మిగిలిన దారి వలస. 1880 తర్వాత కోలారు బంగారు గనులు పెరిగేకొద్దీ ఉత్తర ఆర్కాటు నుండి, చిత్తూరు వైపు నుండి వేలమంది దళితులు అక్కడికి వెళ్లారు. భూమి పైన భూమి లేనివాళ్లు భూమి లోపలికి దిగారు. 2001లో ఆ గనులు మూతపడ్డాయి. వాళ్ల పిల్లలు ఇప్పుడు రైలెక్కి బెంగళూరు పనులకు పోతున్నారు.

ఆ కాలంలోనే ఒక మంచి నిర్ణయం కూడా జరిగింది. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ అక్కడి పరైయర్ల స్థితి చూసి, భూమి లేకపోవడమే వాళ్ల దాస్యానికి మూలమని ప్రభుత్వానికి నివేదిక రాశాడు. దాని ఫలితంగా 1892లో మద్రాసు ప్రభుత్వం దళితులకు భూమి ఇవ్వడానికి ఉత్తర్వు ఇచ్చింది. పంచమి భూములు అంటున్నామే, అవే. రాజధాని ప్రాంతం మొత్తం మీద సుమారు 12 లక్షల ఎకరాలు అని చెబుతారు. పదేళ్ల దాకా అమ్మకూడదు, ఆ తర్వాత అమ్మినా దళితులకే అమ్మాలి అనే షరతు పెట్టారు. కాగితం మీద ఇంతకంటే గట్టి షరతు ఉండదు. అయినా ఎక్కువ భాగం ఇతరుల చేతుల్లోకి పోయింది. ఎందుకు? పట్టా మనకు ఇచ్చారు, రికార్డు రాసే కలం ఊరి కరణం దగ్గరే ఉంచారు. 1994లో చెంగల్పట్టులో పంచమి భూములు తిరిగి ఇవ్వమని అడిగినవాళ్లపై పోలీసులు కాల్పులు జరిపారు. జాన్ థామస్, ఏళుమలై అనే ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వందేళ్ల కిందటి ప్రభుత్వ ఉత్తర్వును అమలు చేయమన్నందుకు ఇద్దరు చనిపోయారని మన యౌవనస్థులు తెలుసుకోవాలి.

స్వాతంత్ర్యం వచ్చింది. 1952 అక్టోబరు 2న సమాజ అభివృద్ధి పథకం మొదలైంది. బ్లాకు, బీడీవో, గ్రామసేవకుడు అనే మాటలు మన ఊళ్లకు వచ్చింది దానితోనే. ఐదేళ్లకు బల్వంతరాయ్ మెహతా కమిటీ పరిశీలించి, పథకం ప్రజల దగ్గరికి వెళ్లింది కానీ ప్రజల చేతికి రాలేదని తేల్చింది. అందుకే పంచాయతీరాజ్ సిఫారసు చేసింది. 1959లో రాజస్థాన్‌లో నాగౌర్, తర్వాత కొద్ది రోజులకే తెలుగు నేల మీద షాద్‌నగర్ ఆ వ్యవస్థకు వేదికలయ్యాయి.

మన గుడియాత్తానికి ఆ రోజుల్లో ఒక ప్రత్యేకత ఉంది. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ శాసనసభకు ఎన్నికైంది గుడియాత్తం ఉప ఎన్నికలోనే. ఆయన పాలనలో పల్లెల్లో బడులు తెరిచారు, మధ్యాహ్న భోజనం పెట్టారు. అదే కాలంలో 1958లో మద్రాసు గిండీలో పారిశ్రామిక వాడ వచ్చింది. అవి రెండూ అభివృద్ధి పనులే. తేడా మాత్రం గమనించాలి. బడి చేరి పిల్లవాడి చేతిలో అక్షరం పెట్టింది, ఎక్కడికి వెళ్లినా అది వాడితోనే ఉంటుంది. పారిశ్రామిక వాడ చేరివాళ్లకు ఏమిస్తుందన్నది గేటు లోపలికి ఎవరిని రానిస్తారు అన్నదాని మీద ఆధారపడింది.

ఆ తర్వాత వచ్చింది హరిత విప్లవం. మన ఉత్తర ఆర్కాటు ప్రపంచంలోని అభివృద్ధి పండితులకు బాగా తెలిసిన జిల్లా అని మనలో చాలామందికి తెలియదు. 1973–74లో కేంబ్రిడ్జి, మద్రాసు విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈ జిల్లాలోని 11 ఊళ్లలో కొత్త వరి విత్తనాల ప్రభావాన్ని అధ్యయనం చేశారు. అప్పట్లో వాళ్లకు పెద్దగా ఆశ కలగలేదు. పదేళ్ల తర్వాత మళ్లీ వచ్చి చూసినవాళ్లు చిన్న రైతుల, కూలీల ఆదాయాలు కూడా పెరిగాయని చెప్పారు. ఈ మాట మనం నిజాయితీగా ఒప్పుకోవాలి. విత్తనం, మోటారు, కరెంటు వచ్చాక కడుపు నిండిన ఇళ్లు ఉన్నాయి. కానీ మోటారు ఉన్నవాడు బావిని ఇంకా లోతు చేసుకున్నాడు, లేనివాడి బావి ఎండిపోయింది. అందరి చెరువును పక్కనపెట్టి, ఎవరి బావి వాళ్లు చూసుకునే వ్యవసాయం వచ్చింది. చెరువు కాలువలో పూడిక తీయడానికి ఊరు కలిసి కదలడం తగ్గిపోయింది.

ఆ పరిశోధక బృందంలో రాబర్ట్ ఛాంబర్స్ అనే ఆయన ఉన్నాడు. పల్లెలు చూడటానికి వచ్చే పెద్దలు తారు రోడ్డు పక్కనే ఆగిపోతారు, ఎండాకాలంలోనో పంట చేతికొచ్చాకో వస్తారు, మగవాళ్లతో మాట్లాడి వెళ్లిపోతారు, అందుకే అసలు పేదరికం వాళ్ల కంటపడదు అని ఆయన తర్వాత వివరంగా రాశాడు. 1983లో వచ్చిన ఆయన పుస్తకం పేరుకు అర్థం చివరివారిని ముందు పెట్టడం. సువార్త చదివే మనకు ఆ మాట కొత్త కాదు. చివరివారి ఇల్లు రోడ్డుకు ఎంత దూరంలో ఉందో మన ఆత్మీయ యాత్రలు కూడా లెక్క వేసుకోవాలి.

ఇక తోళ్ల సంగతి. వాణియంబాడి, ఆంబూరు, పేర్ణాంబట్టు, రాణిపేట, మేల్‌విషారం... ఈ పేర్లు వింటే చాలు, ఆ వాసన మనకు గుర్తొస్తుంది. పూర్వం ఇక్కడ తంగేడు చెక్కతో తోలు పదును చేసేవారు. సగం పదును చేసిన తోలు ఎగుమతి అయ్యేది. 1970ల మొదట్లో సీతారామయ్య కమిటీ సిఫారసు మీద కేంద్రం పచ్చి తోలు, సగం పదునైన తోలు ఎగుమతులకు కళ్లెం వేసి, పూర్తిగా తయారైన తోలు, చెప్పులు ఎగుమతి చేయాలని నిర్ణయించింది. దేశానికి ఎక్కువ డాలర్లు రావాలి, పని ఇక్కడే పెరగాలి అన్నది ఆలోచన. పని పెరిగింది, డాలర్లూ వచ్చాయి. కానీ క్రోమియం వాడకం, రసాయనాలు, ఉప్పునీళ్లు కూడా పెరిగాయి. ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి అన్న ప్రశ్నకు ఢిల్లీలో ఎవరూ జవాబు రాయలేదు. పాలారే జవాబు అయింది. 1971లో ఏర్పడిన సిప్‌కాట్ తొలినాళ్లలో పెట్టిన పారిశ్రామిక వాడల్లో రాణిపేట ఒకటి. అక్కడ క్రోమేటు తయారుచేసిన ఒక కర్మాగారం మూతపడి దాదాపు ముప్పై ఏళ్లు అయింది. లక్ష టన్నులకు పైగా విష వ్యర్థం మాత్రం అక్కడే కుప్పగా మిగిలింది.

వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం 1991లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. కాలుష్యం చేసినవాడే దాని ఖర్చు భరించాలి, హాని జరుగుతుందన్న అనుమానం ఉన్నప్పుడే జాగ్రత్త పడాలి అన్న సూత్రాలు భారతదేశ చట్టంలో భాగమని ఆ తీర్పు చెప్పింది. దేశమంతటా న్యాయ విద్యార్థులు చదివే తీర్పు అది. నష్టాన్ని లెక్కకట్టడానికి ఒక అథారిటీ ఏర్పడింది, 2001లో వేల కుటుంబాలకు పరిహారం నిర్ణయించింది. అయినా వ్యవహారం ముగియలేదు. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్లీ ఇదే పాలారు గురించి, ఇవే తోలు కర్మాగారాల గురించి ఇంకో తీర్పు ఇవ్వవలసి వచ్చింది. మొదటి తీర్పు నాడు పుట్టిన బిడ్డకు ఇప్పుడు బిడ్డలున్నారు. ఈ మధ్యలో 2015 జనవరి 31న రాణిపేట సిప్‌కాట్‌లో తోలు వ్యర్థజలాలను శుద్ధి చేసే చోట బురద తొట్టి గోడ కూలి, నిద్రపోతున్న పదిమంది కార్మికులు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుండి వచ్చినవాళ్లు. ఒకప్పుడు మనవాళ్లు కోలారుకు వెళ్లినట్టే వాళ్లూ మన ఊరికి వచ్చారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. టానరీలు మూసేయమని మేము అనడం లేదు. మన సంఘాల్లో ఎన్నో ఇళ్లు ఆ జీతం మీదే నడుస్తున్నాయి. అందులోనూ తెలుగు మాట్లాడే అరుంధతీయులకు తోలు పని తప్ప వేరే పని ఇవ్వని సమాజం ఇది. వాళ్లకు తమిళనాడులో 3 శాతం అంతర్గత రిజర్వేషన్ వచ్చింది 2009లో. ఊరు కాలుష్యం గురించి మాట్లాడితే కూలివాడు పని పోతుందని భయపడతాడు. పని గురించి మాట్లాడితే రైతు తన బావి గురించి కోపపడతాడు. ఒకే నది ఒడ్డున ఉన్న ఇద్దరు పేదలు ఒకరికొకరు ఎదురు నిలబడవలసి రావడమే ఈ విధానం చేసిన పెద్ద హాని.

గుడియాత్తం వైపు కథ ఇంకోరకం. మగ్గాలు, లుంగీలు, అగ్గిపెట్టెలు, బీడీలు. ఇవన్నీ ఇంట్లో కూర్చుని చేసే పనులు, స్త్రీలకు ఉపాధి అని ప్రభుత్వాలు మెచ్చుకున్నాయి. అయితే 1990ల దాకా ఈ ప్రాంతంలో బీడీ పనికి పిల్లలను తాకట్టు పెట్టిన సంగతి అంతర్జాతీయ మానవ హక్కుల నివేదికల్లో నమోదైంది. జబ్బుకో పెళ్లికో అడ్వాన్సు తీసుకుంటే, అప్పు తీరేదాకా బిడ్డ యజమాని దగ్గర బీడీలు చుట్టాలి. వెట్టిని రద్దు చేసిన చట్టం వచ్చింది 1976లో. 2019 జూలైలో కూడా కాంచీపురం, వేలూరు జిల్లాల్లో కట్టెలు కొట్టే చోట్ల నుండి వెట్టి కూలీలను అధికారులు విడిపించారు.

బైబిల్లో నెహెమ్యా గ్రంథం ఐదో అధ్యాయం ఒకసారి తెరవండి. యెరూషలేములో ప్రాకారం కట్టే పని జోరుగా సాగుతోంది. ఈనాటి మాటల్లో చెప్పాలంటే పెద్ద ప్రాజెక్టు. ఆ సమయంలో బీదలు వచ్చి మొరపెట్టుకున్నారు. పొలాలు తాకట్టు పెట్టామని, రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశామని, కొడుకులను కూతుళ్లను దాస్యానికి అప్పగిస్తున్నామని. ప్రాకారం పూర్తయ్యాక చూద్దామని నెహెమ్యా అనలేదు. సభ కూర్చి ప్రధానులను అందరి ముందు నిలదీశాడు. పొలాలు, ఇళ్లు, వడ్డీ తిరిగి ఇప్పించాడు. తాను అధికారిగా ఉన్న పన్నెండేళ్లూ తనకు రావలసిన భత్యం కూడా తీసుకోలేదు. గోడ ఎంత ఎత్తు లేచినా ఆ గోడ లోపల బిడ్డ తాకట్టులో ఉంటే అది ఎవరి పట్టణం?

మంచి ప్రయత్నాలు లేవని కాదు. 1977లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల కె.వి. కుప్పం బ్లాకులో రూహ్‌సా అనే కేంద్రం పెట్టింది. జబ్బుకు మందు ఇచ్చి పంపితే చాలదు, తిండి లేని ఇంటికి జబ్బు మళ్లీ వస్తుంది అన్న గ్రహింపుతో వైద్యంతో పాటు చేతిపని శిక్షణ, మహిళా సంఘాలు, వ్యవసాయం కలిపి నడిపింది. ఆ తర్వాత 1997లో మహళిర్ తిట్టం వచ్చి స్వయం సహాయక సంఘాలు రాష్ట్రమంతా పాకాయి. బ్యాంకు మెట్లెక్కని ఆడవాళ్లు సంతకం పెట్టి డబ్బు తెచ్చారు. వేలూరు జిల్లాలో ఉపాధి హామీ పనుల్లో వేలమంది స్త్రీలు నాగనది పరీవాహకంలో ఇంకుడు బావులు కట్టారు. ఒకప్పటి చెరువు పని మళ్లీ వాళ్ల చేతుల్లోకి వచ్చింది. కానీ సంఘం పొదుపు నుండి సూక్ష్మ రుణ కంపెనీ వారం వారం వసూలు దాకా జారిపోతే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్‌లో చూశాం. 2010లో అక్కడ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

నిర్ణయం ప్రజల చేతికి రావాలని రాజ్యాంగమే చెప్పింది. 73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. పంచాయతీలు ఆర్థికాభివృద్ధికీ సామాజిక న్యాయానికీ ప్రణాళికలు వేయాలని 243-జి అధికరణం అంటుంది. ఆ రెండు మాటలనూ విడదీయకుండా ఒకేచోట పెట్టిన సంగతి గుర్తుంచుకోండి. 29 అంశాలు పదకొండో షెడ్యూలులో ఉన్నాయి. కానీ మన దగ్గర ఏం జరిగింది? 2016 అక్టోబరులో పంచాయతీల గడువు ముగిసింది. జిల్లాల విభజన, వార్డుల పునర్విభజన, కేసులు అంటూ వేలూరు, రాణిపేట, తిరుపత్తూరు జిల్లాల పల్లెల్లో ఎన్నికలు జరిగింది 2021 అక్టోబరులో. ఐదేళ్లు మన ఊళ్లకు ఎన్నికైన పంచాయతీ లేదు. ప్రత్యేక అధికారులు నడిపారు.

దక్షిణాఫ్రికా అనుభవం కూడా మనకు పనికొస్తుంది. వర్ణవివక్ష ప్రభుత్వం నల్లవాళ్లను బంటుస్తాన్లలో ఉంచి, వాటి సరిహద్దుల్లో ఫ్యాక్టరీలకు రాయితీలు ఇచ్చింది. రాయితీలు ఆగాక చాలా ఫ్యాక్టరీలు వెళ్లిపోయాయి. స్వేచ్ఛ వచ్చాక 1996 రాజ్యాంగం, 1998 శ్వేతపత్రం స్థానిక ప్రభుత్వాల మీదే అభివృద్ధి బాధ్యత పెట్టాయి. అక్కడ కూడా గ్రాంటు ఉన్నన్నాళ్లు నడిచి ఆగిపోయిన కుట్టు కేంద్రాలు, కూరగాయల తోటలు చాలా ఉన్నాయి. బాధ్యత ఇచ్చి డబ్బు, నైపుణ్యం ఇవ్వకపోతే స్థానికం అన్న మాట పేదల మీద మోపిన ఇంకో బరువు అవుతుంది.

ఇప్పుడు పనపాక్కం. 2024 సెప్టెంబరు 28న అక్కడి సిప్‌కాట్‌లో టాటా మోటార్స్ కార్ల ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. 9,000 కోట్ల పెట్టుబడి, 5,000 ఉద్యోగాలు అని ప్రకటించారు. అదే ఏడాది తోలు రహిత పాదరక్షల ఫ్యాక్టరీకి కూడా పునాది పడింది, 25,000 మందికి పని అన్నారు. మన పిల్లలకు పని దొరికితే దేవునికి స్తోత్రం. అనుమానంతో చేతులు కట్టుకుని కూర్చోమని మేము చెప్పడం లేదు. చరిత్ర తెలిసినవాళ్లుగా అడగమంటున్నాం.

తమిళనాడులో ఏడాదికి ఆరు గ్రామసభలు జరగాలి. జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. ఈ ఆరు తేదీలు మన సంఘాల క్యాలెండర్లలో ఉపవాస కూడికల పక్కనే రాయండి. ఆ రోజు మందిరం నుండి గుంపుగా గ్రామసభకు నడవండి. నాలుగు విషయాలు అడగండి.

మొదటిది పని. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఎన్ని ఉద్యోగాలు, వాటిలో పర్మనెంటు ఎన్ని, కాంట్రాక్టు ఎన్ని? చేరి ఆడపిల్లలకు శిక్షణ ఎక్కడ, ఎప్పుడు?

రెండోది నీళ్లు. ఏ నీళ్లు తీసుకుంటారు, వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయి? పరీక్ష ఫలితాలు మన భాషలో పంచాయతీ బోర్డు మీద పెట్టాలి.

మూడోది రాబడి. పంచాయతీకి వచ్చే పన్ను ఎంత, దేనికి ఖర్చు చేస్తారు?

నాలుగోది నష్టం. రేపు బావి చెడితే, పంట పోతే ఎవరు, ఎన్ని రోజుల్లో పరిహారం ఇస్తారు? పాలారు రైతుల్లాగా ముప్పై ఏళ్లు కోర్టు చుట్టూ తిరిగే ఓపిక ఎవరికీ లేదు.

ఈ ప్రశ్నలు తీర్మానాల పుస్తకంలో రాయించండి. రాయకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. వలస వచ్చిన కార్మికులను కూడా కలుపుకోండి. బీహారు, బెంగాలు నుండి వచ్చినవాడు మన పని లాక్కున్నాడు అనే మాట మన నోట రాకూడదు. వాడికి తక్కువ కూలి ఇస్తున్నవాళ్లను అడగాలి.

ఇంకొకటి. నిర్ణయం, లెక్క, నష్టం అన్న ఈ మూడు ప్రశ్నలు మన సంఘానికి కూడా వర్తిస్తాయి. మన సంఘాల స్థలాలు, బడులు, వాటి ఆదాయం మీద నిర్ణయాలు ఎలా జరుగుతున్నాయో చేరి విశ్వాసికి తెలియాలి. లెక్కలు సభ ముందు పెట్టాలి. ప్రభుత్వాన్ని అడిగే నోరు అప్పుడు బలంగా ఉంటుంది.

రాబోయే గ్రామసభకు ప్రతి సంఘం నుండి కనీసం పదిమంది, వారిలో సగం మంది స్త్రీలు వెళ్లాలని ఈ కూడికలో నిర్ణయించుకుందాం. ఎవరు వెళ్తారో ఇప్పుడే పేర్లు రాయండి. మా పేరు కూడా రాయండి. దేవుడు మనకు తోడైయుండును గాక. ఆమేన్.